ఫ్లోరైడ్‌తో దెబ్బతిన్న వెన్నును విరవనివ్వకండి

సంపాదకునికి,

నడుం నొప్పి తగ్గుతుందని మా నాన్నను కైరోప్రాక్టిక్ (చేతులతో వెన్నును నొక్కి, విరిచి చేసే చికిత్స) సెంటర్‌కు తీసుకెళ్లాను. మాది మర్రిగూడ మండలం. ఆయన పుట్టినప్పటి నుంచి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే తాగారు. పక్కకు చూడాలంటే మెడ ఒక్కటే తిరగదు, భుజాలతో సహా తిరుగుతారు. సెంటర్లో ఒక్క ప్రశ్న అడగలేదు, ఎక్స్‌రే చూడలేదు, బల్ల మీద బోర్లా పడుకోమన్నారు. నేనే వద్దని లేపుకొచ్చాను.

ఇలా ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. కీళ్ల చుట్టూ ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు బిగుసుకుపోతాయి. అలాంటి వెన్నును విరిస్తే ఎంత ప్రమాదం!

మామూలు నడుం నొప్పికి ఈ చికిత్సతో కొందరికి ఉపశమనం ఉంటుంది, కాదనను. కానీ కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ముందు ఆసుపత్రికే పరుగెత్తాలి. మెడను ఒక్కసారిగా తిప్పినప్పుడు రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలూ, అరుదుగానే అయినా, ఉన్నాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా