పెద్దాయనకి కారు కుదిరింది

ఒరేయ్ బండోడా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయింది. ఆ ముక్క ఇప్పటికీ నిజమే. అమ్మ మోకాలు నయం, చెల్లి ఉద్యోగం మారింది, నేను లావయ్యాను. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి వేరే ఉంది, నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

పెద్దాయనకి కారు కొన్నాను. నాకు కాదు, ఆయనకే.

తప్పంతా నీదే. నీ వ్యాను ఉన్నన్నాళ్లూ పెద్దాయనని, అదే మన నిలువెత్తు వయొలిన్ లాంటి డబుల్ బాస్‌ని, మోసుకెళ్లడం ఒక సమస్యని నాకు తోచనే లేదు. నువ్వు పోయావు, వ్యానూ పోయింది. నా పాత కారు నీకు తెలుసుగా. డిక్కీ పెద్దదే, కానీ వెనక సీటు మడిస్తే కనిపించే కంత పిల్లి దూరేంత. పెద్దాయన తల దూరుతుంది, భుజాలు బయటే.

సరే, టేపు పెట్టి కొలిచాను. నిలువు 182 సెంటీమీటర్లు (నీకంటే ఎత్తే, ఇప్పటికైనా ఒప్పుకో), కింద వెడల్పు 67, బ్రిడ్జితో (తీగల్ని పైకెత్తి పట్టే ఆ చెక్కముక్కతో) కలిపి మందం 40కి అటూ ఇటూ. దీన్ని 'ముక్కాలు సైజు' అంటారని చెప్పాను గుర్తుందా? చాలామంది వాయించేది ఇదే. పూర్తి సైజుదైతే కారు కాదు, గది కట్టించాలేమో.

తర్వాత కేటలాగుల మీద పడ్డాను. ప్రతి దాంట్లో డిక్కీ ఇన్ని లీటర్లు అని గొప్పగా వేస్తారు. ఆయన్ని కరిగించి పోస్తానా, లీటర్లతో నాకేం పని? నాకు కావలసింది వెనక డోరు తీస్తే కంత ఎంత ఎత్తు, సీట్లు మడిచాక నేల సమంగా ఉంటుందా మెట్టు పడుతుందా, అక్కడి నుంచి ముందు సీట్ల మధ్యదాకా పొడవెంత. ఈ మూడూ ఏ కాగితంలోనూ లేవు. ఇంకోటి, డిక్కీ అంచు ఎత్తు. ఎండలో ఆపిన కారులో ఆయన్ని వదలకూడదు, వేడికి జిగురు మెత్తబడి అతుకులు ఊడతాయి. అంటే ఎక్కడ ఆగినా ఆయన్ని దింపాలి, మళ్లీ ఎక్కించాలి. అంచు ఎత్తుగా ఉంటే పోయేది నా నడుమే.

ప్రతి షోరూముకీ ఆయన్ని మోసుకెళ్లలేను కదా. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి, ఆయన్ని దాని మీద పడుకోబెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసి కోశాను. డూప్! దాన్ని చంకన పెట్టుకుని షోరూములు తిరిగాను. మొదటి రెండు చోట్లా జనం నన్ను చూసిన చూపు గురించి రాయను. మూడో చోట తళతళలాడే కారు ఒకటి, వెనక అద్దం స్టయిల్‌గా ఏటవాలు. అట్ట వెన్నలా జారింది. డోరు మూసుకుంది. అడ్వాన్స్ కట్టేద్దామని జేబులో చెయ్యి కూడా పెట్టాను.

చెల్లి అంది కదా, "అన్నయ్యా, అట్టకి పొట్టేదీ?"

ఒక్క మాట రా! నాకు నోట మాట రాలేదు.

మర్నాడు అసలు మనిషినే తీసుకెళ్లాం, పక్కింటాయన ట్రక్కులో. లోపల దుప్పటి పరిచి, అడుగున ఉండే ఇనప కాడ తీసేసి, మెల్లగా తోశాం. డోరు దించితే నాలుగు వేళ్ల సందు మిగిలింది. ఆ ఏటవాలు అద్దం సరిగ్గా ఆయన పొట్ట పైకొచ్చి కూర్చుంటోంది. సేల్స్ కుర్రాడు రెండు అరచేతులూ డోరు మీద పెట్టి, "కొంచెం నొక్కితే సర్దుకుంటుంది సార్" అన్నాడు. నేను అరిచిన అరుపుకి మేనేజరు బయటికొచ్చాడు. బ్రిడ్జి నిలబడేది జిగురుతో కాదు, తీగల బిగువుతో. లోపలి సౌండ్‌పోస్ట్ కూడా పైచెక్కకీ వెనకచెక్కకీ మధ్య ఊరికే ఇరుక్కుని నిలబడే కర్ర. దెబ్బ తగిలితే... నీకు నేను చెప్పాలా? "లోపల అగ్గిపుల్ల లాంటిదేదో పడింది రా" అన్న మహానుభావుడివి.

తల దించుకుని బయల్దేరుతుంటే మూలన ఒక డబ్బా కనిపించింది. నిజంగా డబ్బాయే. నిటారు వెనక డోరు, చదునైన కప్పు, అందం గుండు సున్నా. దాని డిక్కీ లీటర్లు మొదటిదానికంటే తక్కువ! పోయేదేముంది, చూద్దామన్నాను. ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాం. బ్రిడ్జి గోడకి తగలకుండా లోపలివైపు. మెడ రెండు ముందు సీట్ల మధ్యకి, తల నా మోచేతి పక్కకి వచ్చింది. డోరు టప్పున మూసుకుంది. వెంటనే లోపలి నుంచి "మ్మ్మ్మ్" అని ఒక మూలుగు. నాలుగు తీగలూ ఒకేసారి. కుర్రాడు ఒకడుగు వెనక్కి వేసి, "సార్, లోపల ఎవరో ఉన్నారు" అన్నాడు. చెల్లి నేల మీద కూలబడి నవ్వింది. నాకు మాత్రం, నిజం చెప్తున్నా, కళ్లు చెమర్చాయి. ఎందుకో... సరే వదిలెయ్.

టెస్ట్ డ్రైవ్‌లో ఇంకో వింత. రెండు బెల్టులు వేసి గట్టిగా కట్టాను (బ్రేకు కొడితే ఆయన తిన్నగా ముందు అద్దంలోకే కదా). పచ్చ లైటు పడి కారు కదిలితే, ఇంజన్ చుట్లు చూపే ముల్లు 1,200 దాటగానే లావు తీగ దానంతటదే పాడటం మొదలెట్టింది. స్పీడు పెరిగితే ఆగిపోయింది. మళ్లీ సిగ్నలు, మళ్లీ పాట. రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఆ తీగ శ్రుతి సెకనుకి 41 కంపనాలు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకి రెండుసార్లు మండుతుంది. అంటే నిమిషానికి 1,230 చుట్ల దగ్గర ఇంజన్ కూడా 41కే వస్తుంది. ఆయన ఇంజన్‌తో శ్రుతి కలుపుతున్నాడు రా! నాతో ఏనాడైనా అంత చక్కగా కలిపాడా?

ఇక నీ సీటు సంగతి. చిన్న చిక్కుంది. ముందు సీటు చెల్లి ఇప్పటికే తనదని ప్రకటించేసింది. వెనక నా సీటు వెనకాల ఒక్క ముక్క సీటే మడవకుండా మిగులుతుంది. అందులో నువ్వు ఆయన నడుముకి ఆనుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలించుకుని కూర్చోవాలి. వ్యానులో నన్ను ఆ స్టెప్నీ మీద కూర్చోబెట్టిన రోజు గుర్తుందా? ఆ అప్పు ఇలా తీర్చుకుంటున్నానని కాదు గానీ...

అడగాల్సింది మర్చిపోయా. నీ వ్యానులో ఆయన తల కింద పెట్టేవాడివే, ఆ నీలం దిండు, అది నీ దగ్గరే ఉందా? ఉంటే పంపు. దుప్పటి జారిపోతోంది, పైగా

చెల్లి కింద హారను కొడుతోంది. రిహార్సల్‌కి టైమైపోయింది, ఆయన్ని ఇంకా దింపనే లేదు. మిగతాది