పెన్సిల్ సంగతి తర్వాత, ముందు వాణ్ని వీధిలోకి తీసుకెళ్లు

అమ్మడూ,

రాత్రి ఫోన్లో నువ్వు అంత టెన్షన్ పడుతుంటే, మధ్యలో ఏం చెప్పినా చెవికెక్కదని ఊరుకున్నాను. ఆ ప్లే స్కూల్ ఆవిడ మన బుజ్జిగాడికి పెన్సిల్ పట్టు రాలేదందని, తోటివాళ్లు అప్పుడే ఏ నుంచి జెడ్ దాకా రాసేస్తున్నారని, ట్యూషన్ పెట్టించమంటావా అని అడిగావు. వాడికి మూడేళ్లు నిండి ఎన్నాళ్లయిందని? ట్యూషన్ వద్దు. ఆ మాట ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది తీరిగ్గా చదువుకో, మెట్రోలో ఆఫీసుకి వెళ్తూ అయినా సరే.

నువ్వెప్పుడూ అంటావు కదా, మీ అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్డు పెట్టి పడుకోబెట్టడమే కదమ్మా అని. నువ్వు నవ్వుతూ అంటావు, ఊళ్లో చాలామంది నవ్వకుండానే అంటారు. గుడ్డు పెట్టడం తక్కువ పనేం కాదు, ఆ గుడ్డు కోసమే వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ గుడ్డులో కూడా చదువు ఉందని నీకు తెలీదు. ఉడికించిన గుడ్డు చేతికిస్తే నాలుగేళ్ల పిల్ల దాన్ని నేలకేసి ఎంత మెల్లగా కొట్టాలో చూసుకుని, గోటితో పెంకు గిల్లి, కింద ఆ సన్నటి పొర చిరగకుండా లాగుతుంది చూడు, అది చూశాక పెన్సిల్ పట్టు ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. మా ఆయమ్మ మొదట్లో, నేను ఒలిచిపెడితే పని తొందరగా అయిపోతుంది కదండీ అనేది. ఇప్పుడు తనే పిల్లల పక్కన కూర్చుని, చెయ్యి పెట్టకుండా చూస్తూ ఉంటుంది. గుడ్ల మీద రంగు ముద్ర వేసి పంపుతారు, మధ్యలో పక్కదారి పట్టకుండా. మా పిల్లలకి రంగుల పేర్లు ఛార్టు కన్నా ఆ ముద్రల వల్లే ఎక్కువ వచ్చాయంటే నమ్ము.

పెన్సిల్ పట్టు అంటే మూడు వేళ్లు కలిసి పనిచేయడం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. దానికి ముందు వేళ్లకి బలం రావాలి, మణికట్టు తిరగాలి, భుజం కుదురుగా నిలబడాలి. అవన్నీ చిక్కుడుకాయలు ఒలిస్తే వస్తాయి, మట్టి పిసికితే వస్తాయి, కుళాయి తిప్పితే, చొక్కా గుండీ పెట్టుకుంటే, తడిగుడ్డ పిండితే వస్తాయి. మా దగ్గర కాలువగట్టు మట్టి తెచ్చి తడిపి ఉంచుతాం, పొద్దున్న పది మంది పిల్లలకి అదొక్కటి చాలు గంటసేపు. పామంటారు, జంతికలంటారు, ఒకడు మట్టి ముద్దని చెవి దగ్గర పెట్టుకుని కువైట్‌లో ఉన్న వాళ్లమ్మతో మాట్లాడతాడు. వాడి సంగతి తర్వాత రాస్తాను.

పొద్దున్న రాగానే చెప్పులు జతగా పెట్టాలి. ఎవరి జత వాళ్లు వెతుక్కోవాలి, కుడి ఎడమ తేడా అక్కడే తెలుస్తుంది. తర్వాత చుట్టూ కూర్చుని కబుర్లు. దీన్నే టైం టేబుల్లో ఇంకేదో పేరుతో రాస్తాం, నేను మాత్రం కబుర్లనే అంటాను. ఏం కూర తిన్నావు, దారిలో ఏం చూశావు, చెయ్యికేమైంది. ఒకరోజు ఒక పిల్ల మా గేదె ఈనిందండీ అంది, ఇక ఆ రోజు నా ప్లాన్ అంతా పక్కకి పోయింది. దూడ ఎలా నిలబడింది, ఎన్నిసార్లు పడింది, జున్ను ఎవరెవరికి పంపారు, ఎవరింటికి పంపలేదు, అన్నీ చెప్పాలి. మూడు ముక్కల వాక్యం కూడా సరిగా చెప్పని పిల్ల ఆరోజు కథ మొదలుపెట్టి చివరిదాకా నడిపింది. అక్షరాలు నేర్చుకోవడానికి ముందు ఈ మాటలు నోట్లో ఉండాలి కదా, లేకపోతే ఆ అక్షరాలతో రాసేది ఏముంటుంది?

బరువు చూసే రోజు ఇంకో సందడి. నెలనెలా పిల్లల బరువు, ఎత్తు రాయాలి, చెయ్యి చుట్టుకొలత టేపుతో చూడాలి. టేపు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఉంటాయి, పదకొండున్నర సెంటీమీటర్ల లోపు ఎరుపు, పన్నెండున్నర దాటితే ఆకుపచ్చ. పిల్లలకి ఆ అంకెలతో పనేముంది, టేపు చుట్టగానే "గ్రీన్!" అని అరవడమే. మా పని అయ్యాక టేపు వాళ్లకే ఇచ్చేస్తాను. అరటిచెట్టుకి చుడతారు, తలుపు గడియకి చుడతారు, ఆయమ్మ చేతికి చుట్టి చాలలేదని పడీపడీ నవ్వుతారు. గుమ్మడికాయ తూచి, ఇది మనలో ఎవరంత బరువుందని అడిగితే పెద్ద వాదనే జరుగుతుంది. పెద్దది, చిన్నది, ఎక్కువ, తక్కువ, చాలదు, మిగిలింది. లెక్కలు మొదలయ్యేది అక్కడ, ఒకటి రెండు వల్లె వేయడం దగ్గర కాదు.

ఇక బయటికి వెళ్లడం సంగతి. మీ స్కూల్ వాళ్లు ఏడాదికోసారి ఏసీ బస్సులో మాల్‌కి తీసుకెళ్తారని, అందరికీ ఒకే రంగు టీషర్టు ఇస్తారని, దానికి వేరే ఫీజని చెప్పావు. పిల్లలు సరదాపడతారు, కాదనను. కానీ మూడేళ్లవాడికి మాల్‌లో ముట్టుకోనిచ్చేది ఏముంది చెప్పు. అక్కడ ఎక్కువగా జరిగేది ఫోటోలు, అవి తల్లిదండ్రుల కోసం. మేము వెళ్లేది నడిచి వెళ్లగలిగినంత దూరం. పొడుగాటి తాడుకి ముళ్లు వేసి, ఒక్కో ముడి ఒక్కొక్కరు పట్టుకుని, ముందు నేను, వెనక ఆయమ్మ, పక్కన ఇద్దరు తల్లులు. తల్లులు రాకపోతే ఆ రోజు వెళ్లం. కాలువ పక్కన ఉండే ఊరు మనది, ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్లు నిండుగా పారుతున్నప్పుడు గట్టు వైపు అసలు తిప్పను, ఎండాకాలం కాలువలకి నీళ్లు ఆపేశాకే ఆ దారి.

పోస్టాఫీసుకి వెళ్లిన రోజు చెప్తాను. మన ఊరి పోస్టాఫీసు అంటే నీకు తెలుసుగా, ఒక గది, ఒక బల్ల, తాళం వేసిన పెట్టె. వెళ్లేముందు రోజు తలా ఒక కార్డు ఇచ్చాను. పోస్టు కార్డు ఇప్పటికీ యాభై పైసలే, నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. వాళ్లకి తోచింది గీశారు. కొందరివి సున్నాలు, కొందరివి పక్కకి పాకే గీతలు, ఒక పిల్ల మాత్రం పెద్దవాళ్లు రాసినట్టు ఎడమ నుంచి కుడికి వరసగా వంకరగీతలు గీసి, చివర చుక్క కూడా పెట్టి, ఏం రాశావే అంటే "నాన్నా, గొడుగు తే" అని గడగడా చదివి వినిపించింది. అది రాతే. అక్షరాలు రాని రాత. ఆ పిల్లకి పేపరు మీద గీసింది మాటవుతుందని, దూరంగా ఉన్నవాళ్లకి చేరుతుందని తెలిసిపోయింది. ఇంకో ఏడాదికి అక్షరాలు వాటంతటవి ఆ గీతల్లోకి వచ్చి కూర్చుంటాయి. ఆ గీతలు చూసి పిచ్చిగీతలని కొట్టేస్తే మాత్రం రావు.

అడ్రసులు నేను రాశాను. పోస్టు మాస్టారు ముద్ర ధన్ ధన్ అని కొడుతుంటే పిల్లలు బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడ్డారు. ఒక్కొక్కరి చేత ఒక ముద్ర కొట్టించారాయన, ఎవరూ అడగకుండానే. అసలు మజా తర్వాత మొదలైంది, ఎందుకంటే ఇదే ఊళ్లో వేసిన కార్డు కూడా పై ఆఫీసుకి వెళ్లి తిరిగి రావాలి కదా, ఈలోగా రోజూ పొద్దున్నే "వచ్చిందా?" అని ఒకటే గోల. ఎదురుచూడటం కూడా ఒక చదువే, ఈ ఫోన్ల కాలంలో మరీను. కార్డులు ఇళ్లకి చేరాక చెప్పుల స్టాండు పక్కన అట్టపెట్టెకి చిల్లు పెట్టి వాళ్లే పోస్టాఫీసు పెట్టుకున్నారు. వారంపాటు అదే ఆట. పోస్టు మాస్టారు వేషం ఎవరికనే దగ్గర తన్నుకున్నారు, వంతులు వాళ్లే పెట్టుకున్నారు, నేను దూరలేదు.

ఆ కువైట్ పిల్లాడు తన కార్డు అమ్మకే వెయ్యాలన్నాడు. యాభై పైసల కార్డు కువైట్ వెళ్లదు. వాళ్ల మామ్మ ఫోన్లో ఫోటో తీసి పంపించింది, ఆ తల్లి సాయంత్రం వీడియో కాల్ చేసి, ఏం రాశావు నాన్నా అంటే "నువ్వే చదువు" అన్నాడట. మామ్మ చెప్పి ఏడ్చింది. మన కోనసీమలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో నీకు చెప్పక్కర్లేదు.

కొబ్బరి రాశి దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఇంకా బాగుంది. నేలలో పాతిన గునపం మీద కాయ పెట్టి మూడు పోట్లలో పీచు ఊడదీస్తాడు మనిషి, దూరంగా తాడు కట్టి అవతల కూర్చోబెట్టి చూపించాం. లెక్కపెట్టే ఆయన రెండు చేతుల్తో కాయలు విసురుతూ, ఒకటి అనే బదులు లాభం అంటూ, "లాభం, రెండు, మూడు" అని లెక్కపెడుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. మర్నాడు చింతపిక్కలు లెక్కపెట్టమంటే అందరూ "లాభం, రెండు" అనే మొదలుపెట్టారు. సూపర్‌వైజర్ వచ్చిన రోజు కూడా అలాగే లెక్కపెట్టారు, ఆవిడ నా వైపు చూసింది, నేను ఆవిడ వైపు చూశాను, ఇద్దరం నవ్వుకున్నాం.

ట్రైనింగులో తారాబాయి మోదక్ గారి గురించి చెప్పారు మాకు. 1945లో మహారాష్ట్రలో బోర్డీ అనే ఊళ్లో చిన్నపిల్లల బడి మొదలుపెట్టారు ఆవిడ, అనుతాయి వాఘ్ గారు కూడా తోడయ్యారు. గిరిజన పిల్లలు బడికి రాకపోతే వీళ్లే గూడెంలో వాళ్ల వాకిట్లోకి వెళ్లి పాఠం పెట్టారు, పశువులు కాసుకునే పిల్లల కోసం పచ్చిక బయళ్లలో కూడా బడి నడిపారు. మా అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం దేశంలో మొదలైంది 1975 అక్టోబరు 2న, అంటే వాళ్లు అంతకు ముప్పై ఏళ్ల ముందే ఈ పని చేశారు. బయట ఉన్నదే పాఠమని మాకు కొత్తగా ఎవరో కనిపెట్టి చెప్పలేదు. కేంద్రం వాళ్లు 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం తెచ్చిన ఆధారశిల పాఠ్యప్రణాళిక కూడా ఆట, పాట, కథ మీదే నడుస్తుంది. 2020 విద్యా విధానం ఒకటో తరగతి ఆరేళ్లకి అంటోంది. మరి మూడేళ్లకి జెడ్ దాకా రాయించే తొందర ఎవరిదో నాకు అర్థం కాదు.

మాది స్వర్గమని అనడం లేదు. ఉన్నది నేనూ ఆయమ్మ. పిల్లల వివరాలు ఫోన్లో యాప్‌లో ఎక్కించడానికే పొద్దంతా పోయే రోజులు ఉంటాయి, సిగ్నల్ కోసం అరుగు మీద నిలబడి ఉంటాను, లోపల పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకుంటుంటారు. వానాకాలంలో బయటికి అడుగుపెట్టే వీలే ఉండదు. అందుకని ఉద్యోగం మానేసి వాణ్ని ఇక్కడికి పంపించెయ్ అని చెప్పట్లేదు, అల్లుడుగారికి అలా చదివి వినిపించకు.

ఆ స్కూల్‌కి ఒకసారి ఫోన్ చేసి కాదు, పదకొండింటప్పుడు చెప్పకుండా వెళ్లి కాసేపు గుమ్మంలో నిలబడు. పిల్లల గొంతులు వినిపిస్తున్నాయా, టీచరు గొంతే వినిపిస్తోందా చూడు. గోడ మీద బొమ్మలన్నీ ఒకేలా ఉంటే అవి పిల్లలు వేసినవి కావు. ఇసుక ఉందా, నీళ్లతో ఆడనిస్తారా, చెయ్యి మురికైతే తిడతారా అడుగు. లోపలికి రానివ్వకపోతే మాత్రం వేరే చోటు వెతుక్కోండి, ఫీజు ఎంత తక్కువైనా సరే.

ఈలోగా ఆదివారం అల్లుడుగార్ని వాణ్ని రైతుబజారుకి తీసుకెళ్లమను. ఎత్తుకుని కాదు, నడిపించి. టమాటాలు వాడే ఏరాలి, డబ్బులు వాడే ఇవ్వాలి, చిల్లర వాడే తీసుకోవాలి. క్యూఆర్ కోడ్ చూపించి పని కానిచ్చేస్తే వాడికేం మిగలదు. చిక్కుడుకాయలు అరకిలో కొనండి, సాయంత్రం టీవీ కట్టేసి ఇద్దరూ కూర్చుని ఒలవండి, గింజలు మాత్రం నోట్లోనో ముక్కులోనో పెట్టుకోకుండా కళ్లముందే ఉంచుకో. పెన్సిల్ బదులు లావుపాటి సుద్దముక్క ఇవ్వు, బాల్కనీ నేల మీద గీసుకుంటాడు, కడిగేస్తే పోతుంది. ఓనర్ ఏమైనా అంటే నేను మాట్లాడతాను.

సంక్రాంతికి టికెట్లు అయ్యాయా లేదా రాయలేదు. వచ్చేటప్పుడు అట్టపెట్టెలు, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు పారేయకుండా ఒక సంచిలో వేసి తీసుకురా, మా వాళ్లు ఈసారి రైలు కట్టాలనుకుంటున్నారు. మీ నాన్నగారికి షుగర్ మందులు ఆ నెలవి అక్కడే కొను, ఇక్కడ ఒక రకం దొరకట్లేదు.

అమ్మ