ఉచ్చు వేసేవాళ్ల బతుకూ చూడండి

సంపాదకులకు,

బొచ్చు కోటు అనగానే చాలామందికి క్రూరత్వమే గుర్తొస్తుంది. నేనూ కెనడాలోని మాంట్రియల్ వచ్చిన కొత్తలో అలాగే అనుకున్నాను. ఇక్కడికి ఉత్తరాన, జేమ్స్ బే అనే సముద్రపు పాయ దగ్గరి అడవుల్లో ఉండే క్రీ అనే ఆదివాసీ తెగవాళ్లు చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద మంచు పగలగొట్టి, నీళ్లలోకి ఉచ్చు దించి బీవర్లు అనే ఒత్తైన బొచ్చున్న నీటి జంతువులను పడతారు. మాంసం ఇంటిల్లిపాదీ తింటారు. చర్మాన్ని గుండ్రటి కర్ర చట్రానికి బిగించి, కొవ్వు గీకి ఆరబెడతారు. తమ ప్రాంతంలో తలపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టుకు వ్యతిరేకంగా పోరాడి, ప్రభుత్వాలతో 1975లో చేసుకున్న ఒప్పందంలో ఈ వేట కుటుంబాలకు ఆదాయ భద్రత సాధించుకున్నారు. అడవిలో గడిపిన రోజుల లెక్కన డబ్బు ఇస్తారు. అలాంటి అండ మిగతా ఆదివాసీ వేటగాళ్లకూ కావాలి. బోనుల్లో బొచ్చు కోసం ముంగిసలాంటి చిన్న జంతువులైన మింక్‌లను పెంచే ఫారాలనూ వీళ్లనూ దయచేసి ఒకే గాటన కట్టకండి.

– ఒక పాఠకుడు, మాంట్రియల్