సార్డీనియా వెళ్లే అమ్మలుకి

అమ్మలూ,

ఆగస్టులో ఇటలీ దీవి సార్డీనియాకి అనుకుంటున్నామని అల్లుడు చెప్పాడు. ముందు ఆ నెల మార్చండి. ఆగస్టు 15 ఇటలీవాళ్లకు పెద్ద పండగ, దేశమంతా సముద్రం ఒడ్డునే ఉంటుంది. కోస్తా స్మెరాల్దా అనే అక్కడి ఖరీదైన తీరంలో పేరున్న హోటళ్లు అప్పుడు రాత్రికి వెయ్యి యూరోలు దాటిపోతాయి, అంత పోసినా బీచ్ దగ్గర కారు పెట్టడానికి చోటుండదు. సెప్టెంబరు మొదటి మూడు వారాల్లో పెట్టుకోండి. వేసవంతా కాగిన నీళ్లు అప్పటికీ 24 డిగ్రీల దగ్గర ఉంటాయి. జూన్‌లో ఎండ బాగానే ఉంటుంది గానీ నీళ్లు ఇంకా చల్లన, చంటిది దిగనంటుంది.

వీసా షెంగెన్ది, అంటే చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చేది. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఇంకా 15 రోజులే ఉందనగా దాటితే తీసుకోరు. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి. రోమ్‌లో దిగి, సార్డీనియాలోని ఒల్బియాకి విమానం విడి టికెట్‌తో పట్టుకునేట్టయితే మధ్యలో నాలుగు గంటలు ఉంచుకోండి. ఇప్పుడు సరిహద్దులో వేలిముద్రలు, ఫోటో తీస్తున్నారు, క్యూ సాగుతుంది. సామాను కూడా మీరే తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి.

ఇక హోటల్ సంగతి. డబ్బు పోసి సముద్రం కొన్నామనుకోకు. ఇటలీలో తీరం ప్రభుత్వానిది, నీటి అంచు నుంచి అయిదు మీటర్ల మేర ఎవరూ గొడుగు పాతకూడదు, నడిచే దారి వదలాలి. హోటల్ ఇచ్చేది కుర్చీ, నీడ, పలకరింపు. అంచేత నాలుగు రాత్రులే ఖరీదైన చోట ఉండి, మిగిలిన డబ్బు పడవ మీద పెట్టమంటాను. అన్నట్టు, ఆ కోస్తా స్మెరాల్దాను 1962లో మొదలుపెట్టింది ఇస్మాయిలీ ముస్లింల మతగురువు నాలుగో ఆగాఖాన్. మన హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధులు బాగుచేయించిన ట్రస్టు ఆయన పెట్టిందే.

అన్నిటికంటే ముఖ్యం గాలి. అక్కడ రోజు ఎలా గడుస్తుందో నిర్ణయించేది అదే. వాయవ్యం నుంచి వచ్చే గాలిని మాయెస్త్రాలే అంటారు. వాయుదేవుడి దిక్కు కాబట్టే మనకు అది వాయవ్యం కదా, అక్కడా గాలి దిక్కు అదే. మొదలైతే ఒక్కోసారి రెండు మూడు రోజులు వదలదు. ఉత్తరాన ఉన్న కోర్సికా దీవికీ సార్డీనియాకూ మధ్య జలసంధి ఇరుకు కాబట్టి అక్కడ ఇంకా ఊపందుకుంటుంది. అందుకే పాలావు దగ్గరి పోర్టో పొల్లోలో విండ్‌సర్ఫింగ్ వాళ్లు గుంపులుగా ఉంటారు. రోజూ పొద్దున గాలి సూచన చూసి, అది వీచే దిక్కుకు కొండ అడ్డంగా ఉన్న బీచ్‌కి వెళ్లండి. వాయవ్యపు గాలికి తూర్పు తీరం మంచిది, ప్రిన్సిపె బీచ్ గానీ ఒల్బియాకు దక్షిణాన సాన్ తెయోదోరో వైపు గానీ. కానీ ఒక్కటి: గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచేటప్పుడు నీళ్లు అద్దంలా ఉంటాయి, భయమే వేయదు. గాలి నింపిన బొమ్మ మీద చంటిదాన్ని కూర్చోబెడితే నిమిషాల్లో లోపలికి కొట్టుకుపోతుంది. ఆ బొమ్మలు కొననే వద్దు. ఎర్ర జెండా ఉంటే నీళ్లలో దిగకండి, పసుపు జెండా ఉంటే గొడుగులు మూసేయాలి.

పడవకు లైసెన్సు లేకుండానే 40 హార్స్‌పవర్ వరకు రబ్బరు బోటు అద్దెకిస్తారు. మీరు తీసుకోవద్దు, నడిపేవాడితో సహా తీసుకోండి. ఇంధనం అద్దెలో కలిసి ఉందో లేదో ముందే అడగండి, గొడవలన్నీ అక్కడే. లా మద్దలేనా దీవులు జాతీయ పార్కు, బోటుకు పార్కు అనుమతి ఉండాలి. లంగరు తెల్లగా కనిపించే ఇసుక మీదే వేయాలి, నల్లగా కనిపించేది పొసిడోనియా గడ్డి, దాన్ని పెకలించకూడదు. అదే ఎండి ఒడ్డున గోధుమరంగు గుట్టలుగా పడి ఉంటుంది, చెత్త అనుకుని హోటల్ వాళ్లతో పోట్లాడకు. అలల దెబ్బకు ఇసుక కొట్టుకుపోకుండా కాపాడేది ఆ గుట్టలే. బుదెల్లీ దీవిలోని గులాబీరంగు బీచ్ మీద కాలు పెట్టనివ్వరు, దూరం నుంచి చూడాల్సిందే.

స్తింతినో ఊళ్లో లా పెలోజా బీచ్‌కి రోజుకు 1,500 మందినే పంపుతారు, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయాలి. తువ్వాలు నేరుగా ఇసుక మీద పరవకూడదు, కింద చాప ఉండాలి. ఎందుకంటే తడి తువ్వాలుకు ఇసుక అంటుకుని పోతుంది. అక్కడి ఇసుక, గవ్వలు, గులకరాళ్లు ఇంటికి తెచ్చుకుంటే జరిమానా 500 నుంచి 3,000 యూరోలు. విమానాశ్రయంలో పట్టుకుంటారు. చంటిదాని జేబులు తిరుగు ప్రయాణం రోజు నువ్వే తడుము.

కారు లేకపోతే కష్టం, టాక్సీలు దొరకవు. ఇక్కడి ఆర్టీయే ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తీసుకుని, అసలు లైసెన్సు కూడా పట్టుకెళ్లాలి. నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. బంకులో బెంజీనా అంటే పెట్రోలు, గజోలియో అంటే డీజిలు. పార్కింగులో నీలి గీతలకు డబ్బు కట్టాలి, తెల్లవి ఉచితం, పసుపువి మీకు కాదు.

తిండిలో ఏది శాకాహారమో మీ అత్తగారు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. కులుర్జోనెస్ అని మన కజ్జికాయల్లా అంచులు మడిచినవి ఉంటాయి, లోపల బంగాళాదుంప, పుదీనా, గొర్రెపాల చీజ్. ఆ చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ గానీ గొర్రెపిల్ల గానీ పొట్టలోంచి తీసిన పదార్థం. సెయాదాస్ అనే తేనె పోసిన తీపికి పిండిలో పంది కొవ్వు కలపడం ఆనవాయితీ, అడిగి తిను. రాత్రి భోజనం ఏడున్నరకి ముందు దొరకదు, చంటిదానికి ఏదైనా దగ్గరుంచుకో. ఆవకాయ పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు ఐరోపాలోకి రానివ్వరు, మీ అమ్మకి ఈ మాట నువ్వే చెప్పు.

నీళ్లలోకి రబ్బరు చెప్పులతోనే దిగండి. త్రాచినా అని ముళ్ల చేప లోతులేని ఇసుకలో దాక్కుంటుంది, పేరును త్రాచుపాముతో గుర్తుపెట్టుకో. గుచ్చుకుంటే ఐస్ పెట్టకూడదు, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు ముంచాలి, విషం వేడికి విరుగుతుంది. జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగాలి, మంచినీళ్లు పోస్తే మంట పెరుగుతుంది, రుద్దకూడదు. అత్యవసరానికి 112.

టికెట్లకు డబ్బు కట్టే ముందు అల్లుడు రోమ్‌లో ఎంత గ్యాప్ పెట్టాడో వాట్సాప్‌లో పంపు.

నాన్న