అది బ్రహ్మకమలం కాదు

సంపాదకుడు గారికి,

వానాకాలం వస్తే చాలు, జిల్లా పేజీలో ఒక ఫొటో ఖాయం: ‘ఫలానా వారింట విరిసిన బ్రహ్మకమలం’, పక్కనే హారతి పళ్లెం. అసలు బ్రహ్మకమలం ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. హిమాలయాల్లో మూడున్నర వేల మీటర్ల పైమాటే దాని ఊరు; పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్క. కేదార్‌నాథ్‌లో పూజకెక్కేది అదే. మన కుండీల్లో పూసేది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లకొమ్మల మీద పెరిగే జెముడు, మన నాగజెముడుకు చుట్టం.

అరువు పేరు పెట్టింది మనమే కాదు. చైనావాళ్లు దీన్ని ‘తాన్‌హువా’ అంటారు. ఆ ‘తాన్’ మన ఉదుంబరం, అంటే మేడి. క్రీ.శ. 406లో బౌద్ధ భిక్షువు కుమారజీవుడు చైనీసులోకి తెచ్చిన సద్ధర్మపుండరీక సూత్రమనే గ్రంథంలో బుద్ధుని బోధ దొరకడాన్ని ఉదుంబర పుష్పం కనబడటంతో పోల్చారు. మేడిపండు పొట్ట విప్పి పురుగులు వెతికే మనం పూలను పట్టించుకోం. అవి పూసేదీ ఆ పొట్టలోనే. అందుకే అంత అరుదన్నమాట. తర్వాత ఆ పేరు అమెరికా జెముడుకు అంటుకుంది, అర్థమూ జారింది. ‘తాన్‌హువా ఇషియెన్’ అంటే ఇప్పుడు మెరిసి మాయమయ్యేది. నాలుగురోజుల పేరుప్రఖ్యాతులకూ అదే మాట.

పన్నెండేళ్లకోసారి పూస్తుందన్నది ఒట్టిమాట. ముదిరిన మొక్క ఏటా పూస్తుంది, ఒక్కో ఏడు రెండుమూడు విడతలు కూడా. ఆకులా కనబడేది కాండమే. జానెడు ముక్క కోసి, కోసినచోట పొర కట్టేదాకా వారం నీడలో ఆరబెట్టి, రెండంగుళాల లోతున నాటితే చాలు. పచ్చిగా నాటినా, కుండీలో నీళ్లు నిలిచినా కుళ్లుతుంది. మరీ నీడలో ఉంచినా, యూరియా ఎక్కువైనా కాండాలు ఏపుగా సాగుతాయి, మొగ్గ రాదు. మొగ్గ కాండం అంచు నొక్కుల్లోంచి దిగుతుంది. అప్పుడు కుండీ చోటు మార్చితే రాలిపోవచ్చు. వేలాడే మొగ్గ మెడ కొక్కెంలా పైకి వంగి, మధ్యాహ్నానికి కొస ఉబ్బిందా, ఆ రాత్రే పూస్తుంది. ఎనిమిది, తొమ్మిదికి రేకులు కదిలి, అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుకుని, తెల్లారేసరికి వాలిపోతుంది. ఆ తెలుపు, ఆ వాసన రాత్రి తిరిగే రెక్కపురుగుల కోసం.

జనం నోట ఆ పేరు ఎటూ పోదు. వార్తల్లో ‘హిమాలయాల నుంచి’, ‘పుష్కరానికోసారి’ అన్న ముక్కలు మాత్రం తీసేయండి. పక్కింట్లో ఊరికే దొరికే కొమ్మను నర్సరీలో డబ్బు పోసి కొనేది ఆ రెండు ముక్కలు చదివే.

ఇట్లు,
ఒక పాఠకుడు