చెన్నైలో జి విలువ 978: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తమిళనాడు ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఉత్తర చెన్నైలో ముప్పై ఏళ్లకు పైగా బీఎస్సీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. తమిళ ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. ఈ నగరంలోని తెలుగు విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ చదవాలని ఇక్కడ నా మాతృభాషలో రాస్తున్నాను.

డిగ్రీ ఫిజిక్స్ సిలబస్ మార్చినప్పుడల్లా చర్చంతా థియరీ పేపర్ల చుట్టూనే తిరుగుతుంది. నానో పదార్థాలు చేర్చాలా, పైథాన్ ఎప్పుడు నేర్పాలి, క్వాంటం ఏ సెమిస్టరులో పెట్టాలి అని. అవి అవసరమే, కాదనను. ప్రాక్టికల్స్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం పాత జాబితాకే కొత్త నంబర్లు వేసి లేచిపోతారు. అలాంటి సమావేశాల్లో నేనూ కూర్చున్నాను. అప్పుడు అడగలేనిది ఇప్పుడు అడుగుతున్నాను.

ఒకసారి మొదటి సంవత్సరం అమ్మాయి కాంపౌండ్ పెండ్యులంతో, అంటే ఊగే కడ్డీ లోలకంతో, జి విలువ (భూమి ఆకర్షణ వల్ల కిందపడే వస్తువు వేగం పెరిగే రేటు) కట్టింది. సెకను వర్గానికి 977 సెంటీమీటర్లు వచ్చింది. "981 రావాలమ్మా, మళ్లీ చూడు" అన్నాను. ఆమె మళ్లీ లోలకం ఊపలేదు. డోలన కాలాల వరుసలో నాలుగు అంకెలు చెరిపి, సరిపోయేలా దిద్ది తెచ్చింది. అది నాకు కనిపిస్తూనే ఉంది. అయినా రికార్డులో సంతకం పెట్టాను. పరీక్షకు బయటి కళాశాల నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మార్కులు తగ్గిస్తారన్న భయం ఇద్దరికీ ఉంది.

చెన్నైలో జి విలువ సుమారు 978.3 అండీ. భూమి తిరగడం వల్లా, నడుము దగ్గర ఉబ్బి ఉండడం వల్లా భూమధ్యరేఖ వద్ద అది 978, ధ్రువాల వద్ద 983. మనం 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. 981 లండన్‌కు సరిపోయే అంకె. ఆమె స్టాప్‌వాచ్‌తో 977కీ 981కీ తేడా తేల్చలేమన్నది కూడా నిజమే. "977, అటూ ఇటూ 5" అని రాసి ఉంటే చాలు, సరైన జవాబు అయ్యేది. అలా రాయడం మేం నేర్పలేదు, ఎందుకంటే దానికి మార్కులు లేవు.

ఇదే ఊళ్లో, మద్రాసు అబ్జర్వేటరీలో, అక్కడి ఖగోళ శాస్త్రవేత్త జాన్ గోల్డింగ్‌హామ్ జి విలువ కోసం లోలకంతో ఓపికగా కొలతలు తీశాడు. ఆ ఫలితాలు 1822లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. రెండు వందల ఏళ్ల తర్వాత మన పిల్లల చేత లండన్ విలువ రాయిస్తున్నాం! ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజుల్లో సి.వి. రామన్, స్పెక్ట్రోమీటరుపై (కాంతిని రంగులుగా విడదీసి కొలిచే పరికరం) పట్టకం ముఖం నుంచి ఏటవాలుగా పరావర్తనం చెందిన కాంతిలో వివర్తన పట్టీలు (కాంతి అంచుల దగ్గర వంగడం వల్ల ఏర్పడే వెలుగునీడల చారలు) రెండు వైపులా సమంగా లేకపోవడం గమనించి ఆగాడు. 1906లో వచ్చిన ఆయన తొలి పరిశోధనా పత్రం దాని గురించే. ఆ పరికరం నేటికీ ప్రతి డిగ్రీ ల్యాబులోనూ ఉంది. ఆగి చూసే వ్యవధి మాత్రం విద్యార్థికి లేదు. వచ్చే వారం ఇంకో ప్రయోగం, ఆపై వారం మరొకటి.

పాఠ్యాంశాలు నిర్ణయించేది విశ్వవిద్యాలయాల బోర్డులేనని తెలుసు. కానీ మీ శాఖ గట్టిగా చెబితే అవి వింటాయి. సెమిస్టరుకు చేయవలసిన ప్రయోగాలను సగానికి తగ్గించమనండి. మిగిలిన వారాల్లో విద్యార్థి తానే ఒక ప్రశ్న ఎంచుకుని దాని వెంట పడనివ్వండి. దోషాల అంచనాను మొదటి సెమిస్టరులోనే, తొలి కొలతతో పాటే నేర్పించండి. చీటీ తీసి మూడు గంటల్లో ముగించే పరీక్షకు బదులు, ఏడాది పొడవునా సిరాతో రాసి, తప్పులు కొట్టివేసినా కనబడేలా ఉంచిన పరిశీలన పుస్తకానికి మార్కులు వేయించండి. పాఠ్యపుస్తకంలోని అంకెకు ఎంత దగ్గరగా వచ్చిందన్న దానికి ఒక్క మార్కూ వద్దు. ల్యాబు సహాయకుల పోస్టులు నింపకుండా ఇవేవీ జరగవు, అది మాత్రం నేరుగా మీ చేతిలోని పని.

రాబోయే విద్యా సంవత్సరంలో చేరే పిల్లలకైనా ఈ మార్పు అందేలా చూడమని ప్రార్థన.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
చెన్నై