సిగరెట్ మానాలనుకునేవాళ్లకు మోతాదు కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పొగ మానడం గురించి ఆరోగ్యం పేజీల్లో వచ్చే వ్యాసాలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. నల్లబడ్డ ఊపిరితిత్తి బొమ్మ, కాన్సర్ గురించి నాలుగు మాటలు, చివర్లో "గట్టిగా అనుకుంటే మానెయ్యొచ్చు" అన్న ముక్తాయింపు. ఇరవై ముప్పై ఏళ్లుగా కాలుస్తున్నవాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు గట్టిగా అనుకోనివాళ్లు అరుదు. ఏ సాయమూ లేకుండా మానడానికి పూనుకున్నవాళ్లలో ఏడాది తర్వాత కూడా ముట్టకుండా ఉండేది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు. మిగతా తొంభై అయిదుగురినీ మనోబలం లేనివాళ్లని తీసిపారెయ్యడం అన్యాయం. ఏ మందు ఎంత వాడాలో, ఎన్నాళ్లు వాడాలో, ఏ రోజున ఒంట్లో ఏం జరుగుతుందో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పరు. ఈ ఉత్తరం ఆ లోటు గురించే.

దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో, పొగాకులో ఉండి అలవాటు పట్టించే నికోటిన్ మెదడును చేరుతుంది. రక్తంలోంచి అంతే చురుగ్గా దిగిపోతుంది కూడా. సుమారు రెండు గంటలకు సగం మిగులుతుంది, ఇంకో రెండు గంటలకు అందులో సగం. రాత్రంతా నిద్రపోయి లేచేసరికి తొట్టి దాదాపు ఖాళీ. కాబట్టి అలవాటు ఎంత ముదిరిందో తెలియాలంటే రోజుకు ఎన్ని కాలుస్తారని అడగడం కన్నా, లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారని అడగడం మేలు. అరగంట లోపే అయితే అలవాటు బలంగా నాటుకుందని లెక్క. పొగ లేకుండా కొద్దికొద్దిగా నికోటిన్ అందించి కోరికను అణిచే నికోటిన్ గమ్‌లో 2 మి.గ్రా. కొనాలా 4 మి.గ్రా. కొనాలా అన్నది కూడా దీన్నిబట్టే: అరగంట లోపు కాల్చేవాళ్లకు 4, ఆ తర్వాత కాల్చేవాళ్లకు 2.

అందరూ తప్పు చేసేది ఈ గమ్ దగ్గరే. పేరులో చూయింగ్ ఉంది కదా అని చూయింగ్ గమ్‌లాగే నమిలేస్తారు. అలా నమిలితే నికోటిన్ అంతా ఒక్కసారి లాలాజలంలో కలిసి కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం మొదలవుతాయి. కడుపులోంచి ఒంటికి పట్టేదీ అంతంతే, ఎందుకంటే కాలేయం దాన్ని మధ్యలోనే విరిచేస్తుంది. "గమ్ నాకు పడలేదండీ, పైగా పని కూడా చెయ్యలేదు" అని రెండోరోజే పక్కన పడేసేవాళ్లలో ఎక్కువమంది సంగతి ఇదే.

సరైన పద్ధతిలో బిళ్లను నోట్లో వేసుకుని నిదానంగా నాలుగైదుసార్లు, మహా అయితే పదిసార్లు కొరకాలి. నాలుక మీద మిరియం తగిలినట్టు ఘాటు, లేదా చిరచిర తెలియగానే ఆపేసి, బిళ్లను బుగ్గకూ చిగురుకూ మధ్య దోపుకోవాలి. ఆ చిరచిర తగ్గేదాకా, అంటే ఒక నిమిషమో కాస్త ఎక్కువో, కదపకూడదు. తగ్గాక మళ్లీ కొన్నిసార్లు కొరికి, ఈసారి రెండో బుగ్గ వైపు దోపుకోవాలి. ఇలా అరగంట. ఘాటు రావడం ఆగిపోతే బిళ్ల అయిపోయినట్టు. గమ్ వేసుకోవడానికి 15 నిమిషాల ముందు నుంచీ, అది నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింక్ వద్దు. నోరు పుల్లబడితే బుగ్గ లోపలి పొర నికోటిన్‌ను పీల్చుకోదు. కాఫీ తాగి వెంటనే గమ్ వేసుకుంటే డబ్బు పారేసుకున్నట్టే.

ఇంకో సంగతి. సిగరెట్ లాగా గమ్ సెకన్లలో ఎక్కదు, ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. తల్లడింపు ముంచుకొచ్చాక నోట్లో వేసుకుంటే అది పనిచేసేలోపు చెయ్యి అగ్గిపెట్టె మీదికి పోతుంది. అందుకే మొదటి ఆరు వారాలూ కోరిక పుట్టినా పుట్టకపోయినా మేలుకుని ఉన్నంతసేపు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వేసుకోమంటారు. ఆ పైన మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. రోజుకు 24 మించకూడదు. జనం వాడేది చూస్తే రోజుకు నాలుగో ఐదో.

చర్మానికి అంటించుకుంటే నెమ్మదిగా నికోటిన్‌ను వదిలే ప్యాచ్‌తో ఇంత తంటా లేదు. రోజుకు పదికి మించి కాల్చేవాళ్లు 21 మి.గ్రా. ప్యాచ్ ఆరు వారాలు, 14 మి.గ్రా. రెండు వారాలు, 7 మి.గ్రా. రెండు వారాలు వాడాలి. పదీ అంతకన్నా తక్కువా అయితే 14తో మొదలుపెట్టి ఆరు వారాలు, తర్వాత 7 మి.గ్రా. రెండు వారాలు. నడుముకు పైన, వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, అరచేత్తో పది సెకన్లు అదిమి అంటించాలి. నూనె, క్రీము రాసిన చోట అంటుకోదు. రోజూ చోటు మార్చాలి. అదే చోటికి వారం తిరక్కుండా రాకూడదు, లేదంటే దద్దురు లేస్తుంది. రాత్రి పీడకలలతో నిద్ర చెడితే పడుకునేముందు తీసెయ్యొచ్చు, కాకపోతే మర్నాడు లేవగానే వచ్చే తహతహకు గమ్ సిద్ధంగా పెట్టుకోవాలి.

ప్యాచ్, గమ్ రెండూ కలిపి వాడొచ్చా అని భయపడేవాళ్లు చాలామంది. వాడొచ్చు. ఒక్కటే వాడినదానికన్నా కలిపి వాడితేనే ఫలితం బాగుంటుందని ఎన్నో పరీక్షల్లో తేలింది. ప్యాచ్ రోజంతా అడుగున ఒక మట్టం నిలబెడుతుంది, గమ్ మధ్యమధ్య ఎగసిపడే కోరికను అణుస్తుంది. కాన్సర్ తెచ్చేది పొగలోని తారు, డెబ్బై దాకా ఉన్న కాన్సర్‌కారక రసాయనాలు. నికోటిన్ పని కట్టిపడెయ్యడం వరకే. ఈ తేడా తెలియక చాలామంది మందును సిగరెట్ కన్నా అనుమానంగా చూస్తారు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

మాత్రల్లో వారెనిక్లిన్ ముఖ్యం. ఇది మెదడులో నికోటిన్ కూర్చునే చోటే కూర్చుంటుంది. కొంత తృప్తి తానే ఇస్తుంది, కాల్చినా మజా రాకుండా అడ్డుపడుతుంది. మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టాలి: మొదటి మూడు రోజులు 0.5 మి.గ్రా. ఒకసారి, తర్వాత నాలుగు రోజులు అదే రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి 1 మి.గ్రా. రెండుసార్లు, మొత్తం 12 వారాలు. పదిమందిలో ముగ్గురికి వికారం వస్తుంది. తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి. మనసు చెదురుతుందన్న భయం ఒకప్పుడు ఉండేది. 8,000 మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి, అందులో మానసిక జబ్బులున్నవాళ్లూ ఉన్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బుప్రోపియాన్ అనే మాత్ర కూడా పనికొస్తుంది గాని మూర్ఛ ఉన్నవాళ్లకు పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మందులన్నీ ఉన్నాయి. ఈ మాత్రలు డాక్టరు చీటీతోనే వాడాలి.

కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవడం నయమా, ఒక తేదీ పెట్టుకుని ఒక్కసారిగా మానడం నయమా? దాదాపు 700 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. నాలుగు వారాల తర్వాత, ఒక్కసారిగా మానినవాళ్లలో నూటికి 49 మంది నిలబడ్డారు, తగ్గించుకుంటూ వచ్చినవాళ్లలో 39 మంది. ఇద్దరికీ మందుల సాయం ఉంది. "ఇన్నేళ్ల అలవాటు, ఒక్కసారిగా మానితే ఒంటికి ప్రమాదం" అనే పెద్దల మాటకు ఆధారం లేదు. రోజుకు ఒక్కటేగా అని సరిపెట్టుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. రోజుకు ఇరవై కాల్చేవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో దాదాపు సగం ఆ ఒక్క సిగరెట్‌తోనే వస్తుంది. ఇరవయ్యో వంతు కాల్చినంత మాత్రాన ముప్పు ఇరవయ్యో వంతుకు దిగదు.

మానిన తర్వాత రోజుల సంగతి. చివరి సిగరెట్ పడేసిన కొన్ని గంటల్లోనే చిరాకు మొదలవుతుంది. రెండో రోజూ మూడో రోజూ అన్నింటికన్నా కష్టం. ఇంట్లోవాళ్లు ఆ రెండు రోజులూ లెక్కలు తేల్చే మాటలు ఎత్తకుండా ఉంటే మేలు. రెండు నుంచి నాలుగు వారాల్లో తీవ్రత దిగిపోతుంది. కోరిక ఒక్కో తెర మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండి పోతుంది. అంతసేపు చోటు మారడం, నీళ్లు తాగడం, చేతికి ఏదో పని కల్పించుకోవడం సరిపోతాయి. పొగ వల్ల మెదడులో ఎక్కువైన నికోటిన్ గ్రాహకాలు, అంటే నికోటిన్ వచ్చి కూర్చునే చోట్లు, మామూలు సంఖ్యకు రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మందులు 8 నుంచి 12 వారాలు వాడమనడం వెనక లెక్క ఇక్కడ కలుస్తుంది. మూడో వారంలో "ఇక బాగానే ఉందిగా" అని ప్యాచ్ మానేసినవాళ్లే నాలుగో వారంలో పాన్‌షాపు ముందు కనబడతారు.

చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, గుండె దడ. వీటిని పొగ మానిన బాధగానే అందరూ అనుకుంటారు. సగం నేరం కాఫీదై ఉండొచ్చు. పొగలోని తారు రసాయనాలు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొడతాయి, కెఫీన్‌ను విరిచేది అదే. పొగ ఆగిన కొన్ని రోజులకు ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. ఎప్పటిలాగే నాలుగు కప్పులు తాగితే రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. మానిన రోజు నుంచే కాఫీ, టీ సగానికి తగ్గించమని మందుల చీటీ మీద రాయాల్సిన మాట ఇది, ఎక్కడా రాసి ఉండదు. అదే ఎంజైము కొన్ని మందులనూ విరుస్తుంది. ఉబ్బసానికి ఇచ్చే థియోఫిలిన్, మానసిక జబ్బులకు ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్ వాడుతున్నవాళ్లకు పొగ మానాక పాత మోతాదే ఎక్కువైపోవచ్చు. ప్యాచ్ వేసుకున్నా ఇది ఆగదు, ఎందుకంటే ఎంజైమును రెచ్చగొట్టేది నికోటిన్ కాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, ఇన్సులిన్ వాడేవాళ్లూ మానే ముందే డాక్టరుకు తేదీ చెప్పి పెట్టుకోవాలి.

దగ్గు విషయంలోనూ కంగారుపడి వెనక్కిపోయేవాళ్లున్నారు. "కాల్చినన్నాళ్లూ బాగానే ఉన్నాను, మానాకే దగ్గు" అంటారు. శ్వాసనాళాల లోపల చీపురు పుల్లల్లా ఊగే సన్నటి రోమాలు పొగకు చచ్చుబడి ఉంటాయి. అవి మళ్లీ కదలడం మొదలుపెట్టి, పేరుకున్న కఫాన్ని పైకి నెడతాయి. కొన్ని వారాలు తెమడ పడుతుంది. రక్తం పడితే, జ్వరం వస్తే, బరువు తగ్గితే అది వేరే సంగతి, ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలి. మలబద్ధకం, నోటిపూత, చిగుళ్ల నుంచి కాస్త రక్తం కూడా మామూలే. బరువు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతుంది. ఆకలిని నికోటిన్ అణచి ఉంచేది, ఇప్పుడు ఆ మూత తీశాం. పొగ మానడం, తిండి కట్టెయ్యడం ఒకే నెలలో పెట్టుకుంటే రెండూ చెడతాయని నా అభిప్రాయం. ముందు పొగ సంగతి తేలనివ్వండి.

ఏది కోలుకుంటుంది, ఏది కోలుకోదు అన్నది కూడా నిజాయితీగా రాయాలి. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. గుండెజబ్బు ముప్పులో పొగ వల్ల పెరిగిన వాటా ఏడాదికి సగమవుతుంది. ఊపిరితిత్తుల కాన్సర్‌తో చనిపోయే ముప్పు, కాలుస్తూనే ఉన్నవాళ్లతో పోలిస్తే, సగానికి రావడానికి పదేళ్లు పడుతుంది. ఎంఫసీమా అనే ఊపిరితిత్తుల జబ్బులో చిరిగిపోయిన గాలిగదులు మాత్రం తిరిగి పుట్టవు. అలాగని మానడం దండగ కాదు. అప్పటికే ఊపిరితిత్తులు కొంత దెబ్బతిన్నవాళ్లను పదకొండేళ్లు గమనించిన ఒక అధ్యయనంలో, కాలుస్తూ ఉన్న మగవాళ్లు ఒక్క సెకనులో బలంగా ఊదగలిగే గాలిలో ఏటా సుమారు 66 మిల్లీలీటర్లు పోగొట్టుకున్నారు. మానినవాళ్లు పోగొట్టుకున్నది 30. పొగ తాగనివాళ్లకు వయసుతో తగ్గేది కూడా దాదాపు అంతే. బ్రిటన్‌లో 1951 నుంచి డాక్టర్లను వెంబడించిన అధ్యయనం లెక్క ఇది: అరవై ఏళ్లకు మానినా ఆయుష్షు మూడేళ్లు కలిసొస్తుంది, యాభైకి మానితే ఆరు, నలభైకి తొమ్మిది.

ఇక జారిపడే సంగతి. రెండు నెలలు నెగ్గుకొచ్చి ఒక పెళ్లిలోనో, ఒక చావు దగ్గరో ఒకటి వెలిగిస్తారు. "అంతా పోయింది" అని ఆ రాత్రే ప్యాకెట్ కొంటారు. అసలు దెబ్బ ఆ రెండో ఆలోచనలో ఉంది. ఒంటి మీద ప్యాచ్ ఉండగా ఒక సిగరెట్ కాల్చినా గుండె ఆగదు. ప్యాచ్ పీకెయ్యడం మాత్రం తప్పు. ప్యాకెట్‌లో మిగిలినవి పారేసి, మర్నాడు పొద్దున కొత్త ప్యాచ్ వేరేచోట అంటించుకుని, గమ్ వేళలు ఎక్కడ ఆగాయో అక్కణ్ణుంచే కొనసాగించాలి. ఏ గంటకు, ఎవరి పక్కన ఉండగా వెలిగించారో కాగితం మీద రాసుకోవాలి. రెండోసారి జారేది కూడా సాధారణంగా అక్కడే.

ఈసారి మీ ఆరోగ్యం పేజీలో నల్లటి ఊపిరితిత్తి బొమ్మకు ఇచ్చే చోటులో సగం గమ్ ఎలా నమలాలో చెప్పే బొమ్మకు ఇవ్వండి.

భవదీయుడు,
పొగ మానేవాళ్లకు సలహాలిచ్చే పనిలో ఉన్న ఒక పాఠకుడు